జాగ్రత్త: ఈ శాంటాక్లాజ్ నవల కొనేముందు విషయసూచిక చూడండి

క్రిస్మస్‌కి పిల్లల కోసం ఎల్. ఫ్రాంక్ బామ్ రాసిన 'ది లైఫ్ అండ్ అడ్వెంచర్స్ ఆఫ్ శాంటాక్లాజ్' ఆన్‌లైన్‌లో తెప్పిద్దామనుకుంటున్నవాళ్లు డబ్బు కట్టేముందు ఇది చదవండి.

మా అక్క కూతురికని తెప్పించాను. అమ్మేవాళ్లు పెట్టిన ఫొటోల్లో 1902లో మేరీ కౌల్స్ క్లార్క్ గీసిన బొమ్మలు ముచ్చటగా కనిపించాయి. 'పూర్తి నవల, బొమ్మలతో' అని కూడా రాశారు. వచ్చిన కాపీలో ఒక్క బొమ్మ లేదు. అక్షరాలు చీమ తలకాయంత. పాత పుస్తకాన్ని స్కాన్ చేసి, ఒక్కసారైనా చదవకుండా అచ్చేశారు. పేరాల మధ్యలో పాత పేజీ నంబర్లు వచ్చి పడ్డాయి. అడవులన్నిటినీ ఏలే 'ఆక్' పేరు ఒకచోట 'ఆహ్', ఇంకోచోట 'యాజ్' అయింది.

ఇవన్నీ ఎలాగో సర్దుకోవచ్చు. మూడో భాగం మొత్తం ఎగరగొట్టేశారు, అదీ అసలు దారుణం.

ఈ కథలో అడవిలో దొరికిన పసివాణ్ణి నెసిల్ అనే వనకన్య పెంచుతుంది, షియెగ్రా అనే ఆడసింహం పాలు ఇస్తుంది. పెద్దయ్యాక అతను నవ్వుల లోయలో ఇల్లు కట్టుకుని, చలికాలంలో పొద్దుపోక తన పిల్లినే చూస్తూ చెక్కతో చెక్కుతాడు. లోకంలో మొదటి ఆటబొమ్మ అదే. మూడో భాగానికి వచ్చేసరికి ముసలివాడై మంచాన పడతాడు. అప్పుడు ఆక్ అమరులందరినీ సభకు పిలిచి, ఉన్న ఒకే ఒక్క అమరత్వపు వస్త్రాన్ని ఈ మనిషికి ఇద్దామంటాడు. నవలకి ప్రాణం ఆ ఘట్టమే. నాకొచ్చిన కాపీ క్రిస్మస్ చెట్టు అధ్యాయంతో ఆగిపోయింది. "పిన్నీ, మరి శాంటా తాత ఇంకా ఎలా బతికున్నాడు?" అని పాప అడిగింది. జవాబున్న పేజీలు ఆ పుస్తకంలో లేవు.

అమ్మినవాళ్లని అడిగితే, చిరిగిపోతే తప్ప వాపసు తీసుకోం అన్నారు. ఆ మాట చెల్లదు. చూపించినదానికీ పంపినదానికీ పొంతన లేకపోతే వాపసు తీసుకోనని అమ్మకందారు అనకూడదని 2020 నాటి ఈ-కామర్స్ నిబంధనల్లోనే ఉంది. మీకూ ఇలాగే జరిగితే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి.

బామ్ 1919లోనే చనిపోయారు, కాపీరైట్ ఎప్పుడో తీరిపోయింది. ఎవరైనా అచ్చేసుకోవచ్చు కాబట్టే ఇన్ని నాసిరకం కాపీలు తిరుగుతున్నాయి. మంచివీ ఉన్నాయి, చూసి ఎంచుకోవాలంతే. విషయసూచిక ఫొటో పెట్టనివాళ్ల దగ్గర కొనకండి. మూడు భాగాల్లో వరసగా 7, 12, 3 అధ్యాయాలు, మొత్తం 22 ఉండాలి. అట్ట మీద ఎర్రముక్కు దుప్పి కనిపిస్తే పక్కన పెట్టేయండి. రుడాల్ఫ్ అనే ఆ దుప్పి పాత్ర పుట్టిందే 1939లో. ఈ నవలలో బండి లాగేవి గ్లాసీ, ఫ్లాసీ మొదలుకుని పది దుప్పులు, వాటిలో రుడాల్ఫ్ లేదు. కింద కనిపించే రివ్యూలు కూడా నమ్మకండి, వేరే ప్రచురణకర్తల కాపీలకి వచ్చినవి కూడా అన్నీ ఒకేచోట కలిపి చూపిస్తారు.

పుస్తకం చేతికొచ్చేలోగా పిల్లలకి చదివి వినిపించాలంటే ప్రాజెక్ట్ గుటెన్‌బర్గ్ అనే వెబ్‌సైట్‌లో పూర్తి పాఠం ఉచితంగా దొరుకుతుంది. ఇప్పటికే ఆర్డర్ పెట్టేసినవాళ్లు పార్సిల్ విప్పేటప్పుడు వీడియో తీయండి, పిల్లల చేతికిచ్చేముందు చివరి అధ్యాయం ఉందో లేదో చూడండి.