స్టీవియా పొడి నాలుగు నెలలు వాడాక

అమ్మకి షుగర్. కాఫీలో తీపి లేకపోతే ఆవిడకి తాగినట్టే ఉండదు. అందుకని చక్కెరకి బదులుగా, స్టీవియా అనే మొక్క ఆకుల నుంచి తీసే తీపి పొడి డబ్బా తెప్పించి, ఆవిడతో పాటు నేనూ నాలుగు నెలలు వాడాను. ఐదుకి మూడు మార్కులు ఇస్తున్నాను, తగ్గించిన ఆ రెండూ రుచికి కాదు, డబ్బా మీది రాతలకి.

వేడి కాఫీలో బాగానే కలిసిపోతుంది. పాలు లేని టీలో మాత్రం మింగాక కూడా నాలుక మీద అతిమధురం నమిలినట్టు ఒక చేదు తీపి చాలాసేపు ఉండిపోతుంది. తీపి చాల్లేదని ఇంకాస్త వేస్తే పెరిగేది చేదే. వారంలో అలవాటైపోయింది.

ఇక డబ్బా. ముందువైపు పెద్ద పచ్చటి ఆకు బొమ్మ, కింద 'నూరు శాతం సహజం'. వెనక్కి తిప్పితే పదార్థాల వరుసలో మొదటి పేరు ఎరిత్రిటాల్ అనే వేరే తీపి పదార్థం, స్టీవియా సారం దాని తర్వాత. స్టీవియా సారం చక్కెర కన్నా 200 నుంచి 300 రెట్లు తియ్యగా ఉంటుంది కాబట్టి చెంచాతో వేసుకునేలా అమ్మాలంటే ఏదో ఒకటి కలపక తప్పదు, అది నేను ఒప్పుకుంటాను. కానీ 2023లో నేచర్ మెడిసిన్ పత్రికలో, రక్తంలో ఎరిత్రిటాల్ ఎక్కువున్నవాళ్ళలో గుండెపోటు, పక్షవాతం ఎక్కువగా కనిపించాయని ఒక అధ్యయనం వచ్చింది. శరీరం తనంతట తానే కొంత ఎరిత్రిటాల్ తయారు చేసుకుంటుంది కాబట్టి దీన్నిబట్టి తిన్నదే కారణమని తేల్చలేం. అయినా స్టీవియా అనుకుని కొన్నవాళ్ళకి తాము ఎక్కువగా తింటున్నది ఏమిటో ముందువైపే తెలియాలి కదా.

ఆ ఆకు బొమ్మ దగ్గరే ఇంకో సంగతి ఉంది. దక్షిణ అమెరికాలోని పరాగ్వే ప్రాంతపు ఆదివాసులైన గ్వరానీలు తరతరాలుగా ఈ ఆకు వాడుతున్నారు, జపాన్‌లో 1970ల నుంచీ దీని సారం ఆహారాల్లో వేస్తున్నారు. అమెరికాలో మాత్రం ఆహారాన్నీ మందుల్నీ నియంత్రించే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌డీఏ 1991లో దిగుమతుల్ని అడ్డుకుంది, 1995లో ఆహార సప్లిమెంట్‌గా అయితే సరే అంది, 2008లో ఆకులోని తీపి పదార్థాల్లో ఒకటైన రెబాడియోసైడ్ ఎ శుద్ధి చేసినదైతే దాని విషయంలో అభ్యంతరం లేదంది. యూరప్ 2011 చివర్లో అనుమతించింది. అనుమతి వచ్చింది కనీసం 95 శాతం శుద్ధి చేసిన సారానికే, అమెరికాలో ఎండుటాకునీ ముడి సారాన్నీ తీపి పదార్థంగా ఆహారంలో కలపడానికి ఇప్పటికీ ఒప్పుకోరు. అంటే పరీక్షలు దాటింది బొమ్మలో ఉన్న ఆకు కాదు, ఫ్యాక్టరీలో విడదీసిన పొడి. దాన్ని ఆకు పేరుతో అమ్మడమే నాకు నచ్చనిది.

భయాలు ఊరికే పుట్టలేదు. 1968లో ఈ ఆకు కషాయం తాగించిన ఆడ ఎలుకల్లో సంతానం తగ్గిందన్నారు, 1985లో స్టీవియాల్‌ను ఎలుక కాలేయపు ఎంజైములతో కలిపి చూస్తే బ్యాక్టీరియాలో జన్యు మార్పులు వచ్చాయన్నారు. పేగుల్లో ఈ తీపి విడిపోయి స్టీవియాల్‌గానే మారుతుంది కాబట్టి ఆ మాటకి బరువుంది. తర్వాత జంతువుల మీద చేసిన పరీక్షల్లో ఆ హాని బయటపడలేదు. 2008లో ఆహార సంకలితాల మీద అంతర్జాతీయ నిపుణుల కమిటీ రోజుకి కిలో శరీర బరువుకి 4 మిల్లీగ్రాముల స్టీవియాల్ వరకు పర్లేదని హద్దు పెట్టింది. అరవై కిలోల మనిషికి లెక్క వేస్తే 240 మిల్లీగ్రాముల స్టీవియాల్, రెబాడియోసైడ్ ఎ బరువులో సుమారు మూడో వంతే స్టీవియాల్ కాబట్టి సుమారు 720 మిల్లీగ్రాముల రెబాడియోసైడ్ ఎ, అంటే తక్కువలో తక్కువ 140 గ్రాముల చక్కెరంత తీపి. రెండు కప్పుల కాఫీ తాగే అమ్మకి టెన్షన్ పడాల్సిందేమీ లేదు. పదిహేను కిలోల పిల్లకి హద్దు అందులో నాలుగో వంతే, కూల్‌డ్రింకుల్లోనూ పెరుగు కప్పుల్లోనూ బిస్కెట్లలోనూ ఇదే కలుస్తుంటే అంతవరకు చేరడం పెద్దవాళ్ళకన్నా చాలా సులువు.

హద్దు మిల్లీగ్రాముల్లో ఉంది. నా డబ్బా మీద చెంచాకి ఎన్ని మిల్లీగ్రాములో ఎక్కడా లేదు! ఇంక ఎవరు లెక్క వేసుకుంటారు, ఎలా వేసుకుంటారు?

బరువు తగ్గడానికి కొనాలనుకునేవాళ్ళకి ఒక మాట: అందుకోసం ఇలాంటి తీపులు వాడొద్దని 2023లో ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించింది, స్టీవియా కూడా అందులో ఉంది. ఆ సూచన అప్పటికే షుగర్ ఉన్నవాళ్ళకి వర్తించదు. కాబట్టి అమ్మ కప్పులో వేస్తూనే ఉన్నాను, నా కప్పులో మానేశాను.

ఈ డబ్బా అయిపోగానే ఏమీ కలపని సారం తెప్పిస్తాను, దాన్ని గింజంత చెంచాతో కొలుచుకోవాలి. ఈలోగా చెంచాకి ఎంత సారం ఉందో చెప్పమని కంపెనీకి మెయిల్ పెట్టాను. మూడు వారాలైంది, జవాబు లేదు. వస్తే ఆ అంకె ఇక్కడే కలుపుతాను.