క్రౌన్ విక్టోరియా, చార్జర్: పోలీసు కారుగా ఏది మేలు?

అమెరికాలో పదిహేను, ఇరవై ఏళ్లుగా కారు నడుపుతున్న మనవాళ్లను ఎవరినైనా అడగండి. అద్దంలో ఫోర్డ్ క్రౌన్ విక్టోరియా ముఖం కనిపిస్తే చాలు, కాలు దానంతటదే బ్రేక్ మీదికి పోయేదంటారు. పక్క సీట్లో ఉన్నవాడు "మామ ఉన్నాడు, స్లో చెయ్" అనేవాడు. మామ అంటే పోలీసే. ఆ కారు తయారీ 2011లో ఆగిపోయింది. ఆ తర్వాత పెద్ద సెడాన్లలో పోలీసుల దగ్గర బాగా కనిపించింది డాడ్జ్ చార్జర్. 2023 చివర్లో అదీ ఆగింది. అమెరికా పోలీసులకు గుర్తు అనుకునే ఈ రెండు కార్లూ తయారైంది మాత్రం కెనడాలోని ఒంటారియోలో.

వేగం సంగతి త్వరగా తేలిపోతుంది. క్రౌన్ విక్టోరియాలో 4.6 లీటర్ల వీ8 ఇంజిన్, చివరి సంవత్సరాల్లో 250 హార్స్‌పవర్. చార్జర్‌లో హెమీ అనే 5.7 లీటర్ల వీ8 ఇంజిన్, తర్వాతి మోడళ్లలో 370 హార్స్‌పవర్. వెంటపడి పట్టుకోవాలంటే చార్జర్‌కు సాటి లేదు. మలుపుల్లోనూ అదే నిలకడగా ఉంటుంది. తర్వాతి మోడళ్లలో నాలుగు చక్రాలకూ పవర్ వెళ్లే రకం కూడా వచ్చింది కాబట్టి మంచు పడే రాష్ట్రాల వాళ్లకు అది పెద్ద వరం.

కానీ పోలీసు కారు రోజంతా ఛేజింగులు చేయదు. డ్యూటీలో చాలా భాగం రోడ్డు పక్కన ఇంజిన్ ఆన్‌లో పెట్టుకుని నిలబడే ఉంటుంది. ఏసీ, రేడియో, కంప్యూటర్, పైన లైట్లు అన్నీ నడుస్తూనే ఉంటాయి. మధ్యలో ఒక్కసారిగా ఫుట్‌పాత్ అంచు ఎక్కించి దించాలి. ఈ మోటు పనికి క్రౌన్ విక్టోరియా పుట్టినట్టే ఉండేది. లారీకి ఉన్నట్టు కింద విడిగా ఉక్కు ఫ్రేమ్, దాని మీద బాడీ. గుద్దుకుంటే వంగిన భాగం తీసేసి కొత్తది బిగించి, మళ్లీ డ్యూటీకి పంపేవాళ్లు. మోడల్ ఏళ్ల తరబడి పెద్దగా మారలేదు, న్యూయార్క్ టాక్సీలుగా కూడా ఇదే కారు తిరిగింది. అందుకే స్పేర్ పార్టులకు ఎప్పుడూ కొదవ లేదు, ఏ మెకానిక్‌కైనా చేయి తిరిగిన బండి.

కూర్చోవడం, దిగడం కూడా చిన్న విషయం కాదు. నడుముకు తుపాకీ, బేడీలు, రేడియో ఉన్న బెల్టు కట్టుకుని రోజుకు పాతిక సార్లు ఎక్కి దిగాలి. క్రౌన్ విక్టోరియా తలుపు వెడల్పు, అద్దాలు పెద్దవి, చుట్టూ బాగా కనిపిస్తుంది. చార్జర్ కప్పు వంగి ఉంటుంది, కిటికీలు సన్నం. పొడుగు మనిషి తల వంచి దూరాలి. చేతులు వెనక్కి కట్టేసిన మనిషిని వెనక సీట్లోకి ఎక్కించడం ఇంకా కష్టం.

ఇంతవరకు చదివితే నేను పాత బండి పక్షమే అనిపిస్తుంది. కానీ దాని మీద ఒక పెద్ద మచ్చ ఉంది. పెట్రోల్ ట్యాంకు, వెనక చక్రాలను కలిపే ఇరుసుకు (యాక్సిల్‌కు) వెనకాల ఉండేది. హైవే అంచున ఆగి ఉన్న కారును వెనకనుంచి మరో వాహనం వేగంగా గుద్దినప్పుడు మంటలు లేచి పోలీసులు సజీవంగా కాలిపోయారు. ఫోర్డ్ 2002లో ట్యాంకు చుట్టూ రక్షణ కవచాలు అమర్చడం మొదలుపెట్టింది, తర్వాత మంటలార్పే పరికరం కూడా ఇచ్చింది. చార్జర్‌లో ట్యాంకు యాక్సిల్‌కు ముందు, వెనక సీటు కింద ఉంటుంది. కారు జారకుండా పట్టే ఈఎస్‌సీ కూడా చార్జర్‌లో ఉంది, క్రౌన్ విక్టోరియాలో లేదు. డ్యూటీకి వెళ్లేది మన ఇంటి మనిషే అయితే నేను చార్జర్ తాళమే చేతిలో పెడతాను.

మరి రోడ్డు మీద నడిపే మనకు? ఇక్కడ నా ఓటు క్రౌన్ విక్టోరియాకే. 2008 నుంచి దాన్ని మామూలు జనానికి అమ్మలేదు కాబట్టి కనిపించిందంటే దాదాపు పోలీసో టాక్సీనో అయి ఉండేది. చార్జర్ అలా కాదు, మీ పక్కింటి కుర్రాడి దగ్గరా ఉంటుంది. వెనక చార్జర్ కనిపిస్తే మామా కాదా అని తేల్చుకునే లోపే టెన్షన్. పైన లైట్ల పట్టీ లేని పోలీసు చార్జర్ అయితే దగ్గరికి వచ్చేదాకా తెలియదు. అలా దాక్కుని టికెట్ (జరిమానా చీటీ) ఇస్తే ఒక్కడికి బుద్ధి వస్తుంది, కనపడేలా నిలబడితే రోడ్డంతా నెమ్మదిస్తుంది. హైదరాబాద్‌లో 2014 తర్వాత వచ్చిన పోలీసు ఇన్నోవాలను చూసినవాళ్లకు ఇది చెప్పనక్కర్లేదు.

డల్లాస్‌లో నా స్నేహితుడు వేలంలో ఒక పాత పోలీసు క్రౌన్ విక్టోరియా కొన్నాడు. స్టిక్కర్లు పీకేసినా తలుపు మీద వాటి నీడ ఉంది, డ్యాష్‌బోర్డు మీద రేడియో బిగించిన రంధ్రాలు అలాగే ఉన్నాయి. హైవే ఎక్కగానే ముందున్న కార్లు ఒక్కొక్కటీ కుడి లేన్‌లోకి జరిగాయి. స్పీడ్ లిమిట్ దాటినవాడు ఒక్కడూ లేడు. వాడికి సరదాగా ఉంది కానీ, అంతమంది ఉలిక్కిపడటం చూసి నాకు జాలేసింది.

అలాంటిది కొనాలనుకునేవాళ్లు ఓడోమీటరు ఒక్కటే చూసి మురిసిపోవద్దు. చివరి మోడళ్లలో ఐడిల్ గంటల మీటరు, అంటే బండి కదలకుండా ఇంజిన్ ఎన్ని గంటలు నడిచిందో చెప్పేది, కూడా ఉంటుంది. గంటసేపు ఐడిల్‌లో ఉంటే సుమారు 33 మైళ్లు తిరిగినంత అరుగుదల అని ఫోర్డ్ లెక్క. మా వాడి కారు 90,000 మైళ్లు చూపించింది. ఐడిల్ గంటలు 4,000. అంటే ఇంజిన్ మీద ఇంకో 1,32,000 మైళ్ల బరువు పడినట్టే. ఈ లెక్క నేను చూపించాకే వాడు వేలంపాటలో పెట్టాలనుకున్న ధర తగ్గించుకున్నాడు.