ఆరేళ్లుగా మా వంటింట్లో దున్‌దున్

నైజీరియాలోని లాగోస్‌కు వచ్చి ఆరేళ్లయింది. ఇక్కడి యొరూబావాళ్లు దున్‌దున్ అని పిలిచే యామ్ వేపుడు మా ఇంట్లో దాదాపు ప్రతి వారం ఉంటుంది. ఈ యామ్ మన కంద కాదు. పైన చెట్టు బెరడులాంటి తొక్క, లోపల తెల్లటి కండ. ఫోన్లో చెప్తుంటే మా అత్తయ్యగారు "పెండలం జాతిదేనమ్మా అది" అని వెంటనే పోల్చుకున్నారు.

మొదటి ఏడాది ముక్కల్ని సగం ఉడికించి వేయించేదాన్ని, లోపల పచ్చిగా ఉండిపోతుందేమోనని టెన్షన్. అంచులు విరిగిపోయేవి, నూనె బాగా పీల్చేవి. పక్కింటి పెద్దావిడ చూసి, ఉడికించకుండా పచ్చివే వెయ్యమన్నారు. అప్పటినుంచీ అదే పద్ధతి. వేలెడు మందాన కోసిన ముక్కల్ని వెంటనే ఉప్పునీళ్లలో పది నిమిషాలు ఉంచుతాను. రంగు మారవు, ఉప్పూ పడుతుంది. గుడ్డతో తడి తుడిచి, మధ్యస్థమైన మంట మీద తిప్పుతూ పది, పన్నెండు నిమిషాలు వేయించాలి. మంట పెంచితే పైన ఎర్రబడిపోతుంది, లోపల ఉడకదు. పుల్ల గుచ్చితే సులువుగా దిగాలి. పైన కరకరలాడుతూ లోపల పిండిపిండిగా ఉండే ఆ రుచి బంగాళాదుంపకు రాదు.

అసలు సగం పని దుంప కొనడంలోనే అయిపోతుంది. జూలై, ఆగస్టుల్లో వచ్చే కొత్త దుంపలో నీరెక్కువ, వేపుడు మెత్తబడుతుంది. నెలల తరబడి నిల్వ ఉన్న పాత దుంపే తియ్యగా, పొడిగా ఉంటుంది. నొక్కి చూసి, ఎక్కడ మెత్తగా తగిలినా వదిలేస్తాను.

ఇబ్బందులూ ఉన్నాయి. తొక్క తీస్తుంటే చేతులు దురద పెడతాయి, ముందే నూనె రాసుకుంటాను. చల్లారితే ముక్కలు గట్టిపడతాయి, అందుకే పిల్లల లంచ్ బాక్సులో పెట్టడం మానేశాను.

పక్కన అటా దిన్‌దిన్ అనే మిరపకాయల పచ్చడి లేకపోతే నాకు తిన్నట్టే ఉండదు. పెద్ద ఎర్ర మిరపకాయలు, ఉల్లిపాయలు, అటా రోడో అనే ఇక్కడి మిరపకాయలు ఒకటో రెండో కచ్చాపచ్చాగా నూరి, నీరంతా ఇగిరి నూనె తేలేదాకా వేయించాలి. అటా రోడో కారం మన మిరపకాయను మించినది, కానీ పండులాంటి వాసన వస్తుంది. సందు చివర అమ్మే అకారా, అంటే బొబ్బర్ల వడలు, దొరికిన సాయంత్రం వాటినీ తెచ్చుకుని ఆ వేడివేడి ముక్కలతో కలిపి తింటాం.