ఐసింగ్ కోసం మిక్సర్ కొంటున్నారా? వాట్లు కాదు, ఒకటో నంబరు స్పీడు చూడండి

మన దగ్గర షాపుకెళ్లి "కేక్ ఐసింగ్‌కి మిక్సర్ కావాలి" అంటే చాలాచోట్ల మూడు జార్ల మిక్సీ తెచ్చి ముందు పెడతారు. ఇంకొన్ని చోట్ల కర్రలా పొడుగ్గా ఉండి అడుగున బ్లేడు తిరిగే హ్యాండ్ బ్లెండర్ చూపిస్తారు. రెండూ ఐసింగ్‌కి పనికిరావు. మీరు అడగాల్సింది హ్యాండ్ మిక్సర్, అంటే రెండు బీటర్లు పక్కపక్కన ఎదురెదురుగా తిరిగేది. హైదరాబాద్ బేగం బజార్‌లో కేక్ సామాన్లు అమ్మే షాపుల్లాంటి చోట అయితే "బీటర్" అంటే చాలు, వాళ్లకి తెలిసిపోతుంది.

మిక్సీ ఎందుకు వద్దో తెలిస్తే మిగతా విషయమంతా సులువు. మిక్సీ బ్లేడు నిమిషానికి పదివేల చుట్లకు పైనే తిరుగుతుంది. అది కోస్తుందే తప్ప గాలి పట్టించదు, పైగా వేడి పుట్టిస్తుంది. పాల క్రీమ్ పొంగాలంటే అందులోని కొవ్వు బిందువులు మెల్లగా ఒకదానికొకటి అతుక్కుంటూ గాలి బుడగల చుట్టూ గోడ కట్టాలి. అతుకు ఎక్కువైతే గోడ కూలి వెన్న పడుతుంది. కవ్వంతో చిలికినప్పుడు జరిగేదీ ఇదే. తేడా ఏమిటంటే అక్కడ మనకు వెన్నే కావాలి, ఇక్కడ వెన్న పడక ముందే ఆగాలి. మిక్సీలో ఆ ఆగాల్సిన క్షణం ఎప్పుడొచ్చి వెళ్లిందో తెలియదు. కొన్ని మిక్సీలతో వచ్చే విప్పర్ బ్లేడు లస్సీకి బాగుంటుంది, అంతే.

ఐసింగ్ పనిలో మిక్సీకి ఒక్క ఉద్యోగం ఉంది: పంచదార పొడి, అంటే ఐసింగ్ షుగర్ చేయడం. కప్పు పంచదారకి టేబుల్ స్పూన్ కార్న్‌ఫ్లోర్ వేసి మెత్తగా పట్టి, రెండుసార్లు జల్లించండి. జల్లించకుండా వాడితే పలుకులు వెళ్లి, క్రీమ్‌తో పూలు వేసే సంచి మూతికి పెట్టే నాజిల్‌లో ఇరుక్కుంటాయి, అప్పుడు పైపింగ్ బ్యాగ్ ఎంత నొక్కినా లాభం లేదు, ఇంకా గట్టిగా నొక్కితే బ్యాగే పగులుతుంది.

ఇక వాట్ల సంగతి. పెట్టె మీద రాసేది మోటారు లాగే కరెంటు, బీటర్ దగ్గరకు చేరే బలం కాదు. విప్పింగ్ క్రీమ్‌కి 150 వాట్లు కూడా సరిపోతాయి. బటర్, ఐసింగ్ షుగర్ కలిపి కొట్టే బటర్‌క్రీమ్ కూడా చేస్తారు కాబట్టి 250 నుంచి 300 మధ్య తీసుకోవడం మంచిది. అంతకు మించి ఐసింగ్‌కి అక్కర్లేదు. నిజానికి చవక మిక్సర్లలో ఉండే లోపం బలం తక్కువ కావడం కాదు, నెమ్మది లేకపోవడం. ఒకటో నంబరులోనే రయ్యిమని తిరుగుతాయి. ఐసింగ్ షుగర్ వేసి స్విచ్ నొక్కగానే వంటగట్టంతా తెల్లగా విభూతి చల్లినట్టవుతుంది. 5 స్పీడ్లున్నా, ఒకటికీ అయిదుకీ తేడా చెవికి తప్ప కంటికి తెలియకపోతే ఆ మిక్సర్ వద్దు.

దీన్ని పరీక్షించడం తేలిక. మిక్సర్ ఇంటికి రాగానే లోతైన గిన్నెలో అర లీటరు నీళ్లు పోసి, బీటర్లు ముంచి ఒకటో నంబరులో పెట్టండి. నీళ్లు సుడి తిరగాలి గానీ అంచు దాటి చిందకూడదు. చిందితే వాపసు గడువు దాటకముందే పంపేయండి. ఒక్క జాగ్రత్త: బీటర్లను నీళ్లలో ముంచాకే స్విచ్ వేయాలి, ఆపాకే పైకి తీయాలి. క్రీమ్‌కీ ఇదే పద్ధతి, లేకపోతే గోడలు కడుక్కోవాల్సి వస్తుంది.

షాపులోనే కొంటుంటే చేత్తో పట్టుకుని గాల్లో నాలుగైదు నిమిషాలు నిలబెట్టి చూడండి. అమ్మేవాళ్లు వింతగా చూస్తారు, చూడనివ్వండి. కేజీ బరువు పట్టుకున్నప్పుడు ఏమీ అనిపించదు, నాలుగో నిమిషానికి మణికట్టు లాగుతుంది. వెనకవైపు నిలబెట్టుకునేలా చదునుగా ఉందో లేదో చూడాలి. లేకపోతే మధ్యలో గరిటెతో అంచులు గీకాల్సి వచ్చినప్పుడు క్రీమ్ కారుతున్న బీటర్లను ఎక్కడ పెట్టాలో తోచదు. బీటర్లు స్టెయిన్‌లెస్ స్టీల్‌వే తీసుకోండి. క్రోమ్ పూత వేసినవి మొదట్లో అద్దంలా మెరుస్తాయి, కొన్నాళ్లకు అతుకుల దగ్గర పూత లేచి తుప్పు పడుతుంది. ఆ నలుపు తెల్లటి క్రీమ్‌లో దాగదు.

మోటారు అడుగున రేటింగ్ ప్లేటు మీద "కేబీ" అని, పక్కన నిమిషాల అంకె ఉంటుంది. ఆపకుండా ఎన్ని నిమిషాలు నడపొచ్చో చెప్పేది అదే. చాలామంది దాన్ని చూడరు. అయిదు అని ఉన్న మిక్సర్‌ని పావుగంట నడిపి, కాలిన వాసన వచ్చిందని కంపెనీని తిడతారు.

ఉదాహరణకు మన మార్కెట్‌లో సులువుగా దొరికే ఫిలిప్స్ హెచ్‌ఆర్3705 చూడండి. 300 వాట్లు, 5 స్పీడ్లు, పైన ఒక్కసారిగా వేగం పెంచే టర్బో బటన్. ఇంట్లో పుట్టినరోజులకి అరకేజీ, కేజీ కేకులు చేసుకునేవాళ్లకు ఈ తరగతి మిక్సర్ నిండుగా సరిపోతుంది. టర్బో బటన్ మాత్రం ఐసింగ్ వరకు లేదనుకోండి. మైదా పిండి కలపడానికని పెట్టెలో ఇచ్చే మెలికల కొక్కేల మీద ఆశలు పెట్టుకోకండి, చపాతీ పిండి కలపబోతే మోటారు పోతుంది.

క్రీమ్ దగ్గర మిక్సర్ కంటే ముందు చూసుకోవాల్సింది డబ్బా. సాధారణంగా దొరికే ఫ్రెష్ క్రీమ్‌లో కొవ్వు 25 శాతం. దాన్ని లక్ష రూపాయల మిక్సర్‌లో వేసినా నిలబడదు. పాల క్రీమ్ అయితే కనీసం 30, వీలైతే 35 శాతం ఉండాలి. బేకరీల్లో వాడేది నాన్ డెయిరీ విప్పింగ్ క్రీమ్, అంటే మొక్కల నూనెల కొవ్వుతో చేసింది. అందులో తీపి ముందే ఉంటుంది, పంచదార వేయకండి. గడ్డకట్టి వస్తుంది కాబట్టి ముందు రోజు రాత్రే కింద ఫ్రిజ్‌లోకి మార్చాలి. తొందరపడి వేడినీళ్లలో పెట్టి కరిగిస్తే కొవ్వు విడిపోతుంది, ఆ డబ్బా ఇక పొంగదు.

కేజీ కేకు లోపల పొరలకీ పైనా కలిపి నాన్ డెయిరీ క్రీమ్ 300 నుంచి 350 మి.లీ. పడుతుంది, అరకేజీకి అందులో సగం. గిలకొడితే మూడు నాలుగు రెట్లు పొంగుతుంది, కాబట్టి 200 మి.లీ.కి రెండు లీటర్ల గిన్నె కావాలి. వెడల్పు గిన్నె వద్దు. లోతుగా, ఇరుగ్గా ఉంటేనే బీటర్లు క్రీమ్‌లో మునుగుతాయి. స్టీలు గిన్నె మేలు, ఫ్రీజర్‌లో 15 నిమిషాలకే చల్లబడుతుంది. బీటర్లను కూడా గిన్నెలోనే పెట్టి చల్లబరచండి.

క్రీమ్‌లో ఇంకా కాసిని మంచు పలుకులు ఉండగానే మొదలుపెట్టండి. మొదటి నిమిషం ఒకటిలో. పైన పెద్ద నురగ వస్తుంది, సబ్బు నురగలాగే ఉంటుంది, కంగారు పడొద్దు. తర్వాత రెండు లేదా మూడులో మూడు నాలుగు నిమిషాలు. బుడగలు చిన్నవవుతూ పాలమీగడలా నునుపు వస్తుంది. ఇక్కడి నుంచి చూపు తిప్పకండి. బీటర్ వెనకాల గీతలు పడి, వెంటనే మూసుకుపోతుంటే ఇంకా ఉంది. గీతలు మూసుకోకుండా నిలిచాయంటే దగ్గరికొచ్చింది. మిక్సర్ శబ్దం కూడా మారుతుంది, కాస్త బరువుగా మూలిగినట్టు వినిపిస్తుంది. అప్పుడు ఒకటికి దించి అరనిమిషం తిప్పితే పెద్ద బుడగలు పోతాయి. ఆపి, బీటర్ పైకి ఎత్తి తిప్పి పట్టుకోండి. కొన నిలబడి చివర కొంచెం వంగితే కేకు చుట్టూ పూయడానికి సరైన పదును. వంగకుండా నిటారుగా నిలిస్తే పూలు వేయడానికి.

మొదటి నుంచీ అయిదులో కొట్టేస్తే రెండు నిమిషాల్లో గట్టిపడుతుంది, నిజమే. కానీ బుడగలు పెద్దవిగా ఉండిపోయి, స్పాచులాతో (క్రీమ్ పూసే చదునైన గరిటెతో) లాగినప్పుడు బొక్కలు బొక్కలుగా తేలతాయి. దాటిపోయిన నాన్ డెయిరీ క్రీమ్ గరుకుగా, రవ్వలా కనిపిస్తుంది. దానికి మందుంది: గిలకొట్టని క్రీమ్ రెండు మూడు చెంచాలు పోసి, మిక్సర్ పక్కన పెట్టి చేత్తో స్పాచులాతో మెల్లగా మడుస్తూ కలపండి. పాల క్రీమ్ కాస్త గరుకైనప్పుడే ఈ మందు పనిచేస్తుంది, వెన్న పడ్డాక మందు లేదు. ఇంకా కొట్టి వెన్న తీసుకుని రొట్టె మీద రాసుకోవడమే.

బటర్‌క్రీమ్‌లో కథ వేరు, అక్కడ మోటారుకి పని పడుతుంది. ఉప్పు లేని బటర్ 250 గ్రాములకు ఐసింగ్ షుగర్ 400 నుంచి 500 గ్రాములు, పాలు రెండు చెంచాలు. బటర్ వేలితో నొక్కితే సొట్ట పడాలి, కానీ వేలికి నూనె అంటకూడదు. అంటే దాదాపు 20 డిగ్రీలు. రాతిముద్దలా ఉన్న బటర్‌ని బీటర్‌తో పొడిస్తే గేర్ల పళ్లు అరుగుతాయి. ముందు ఒక్క బటర్‌నే నాలుగైదు నిమిషాలు, పసుపు పోయి తెలుపు తిరిగేదాకా కొట్టి, మిక్సర్‌కి రెండు నిమిషాలు విశ్రాంతి ఇచ్చి, పంచదారను మూడు విడతలుగా ఒకటో నంబరులో కలపండి. ఏప్రిల్, మే నెలల్లో విజయవాడలోనో రామగుండంలోనో వంటింట్లో 38 డిగ్రీలుంటే బటర్ గిన్నెలోనే కరిగిపోతుంది. ఎంత ఖరీదైన మిక్సరైనా దాన్ని ఆపలేదు. పల్చబడితే గిన్నెను పావుగంట ఫ్రిజ్‌లో పెట్టి మళ్లీ కొట్టండి. విరిగినట్టు పలుకులుగా అయితే చల్లదనం ఎక్కువైందని అర్థం, గిన్నె అడుగును గోరువెచ్చని నీళ్లకు కొన్ని సెకన్లు తాకించి కొడితే కలిసిపోతుంది. ఎండాకాలం పని ఏసీ గదిలోకి మార్చుకోవడం, లేదా పొద్దున్నే ముగించుకోవడం మిక్సర్ మార్చడం కంటే చవక.

గిన్నెతో సహా గట్టు మీద నిలబడి తనంతట తానే తిరిగే స్టాండ్ మిక్సర్ ఎవరికి? వారానికి నాలుగైదు ఆర్డర్లు చేసేవాళ్లకి, స్విస్ మెరింగ్ బటర్‌క్రీమ్ చేసేవాళ్లకి. అందులో గుడ్ల తెల్లసొన, పంచదార కలిపి నీటి ఆవిరి మీద 71 డిగ్రీలదాకా వేడి చేసి, గిన్నె చల్లబడేదాకా గిలకొట్టి, తర్వాత బటర్ ముక్కముక్కగా వేస్తూ పోవాలి. మొత్తం 20 నిమిషాల పైమాటే. ఆ పని హ్యాండ్ మిక్సర్ చేత చేయిస్తే చెయ్యి అయినా పోతుంది, మోటారైనా పోతుంది.

కానీ స్టాండ్ మిక్సర్‌కి ఒక చిక్కుంది, అమ్మేవాళ్లు చెప్పరు. అయిదు లీటర్ల గిన్నెలో 150 మి.లీ. క్రీమ్ పోస్తే అది అడుగున పలచగా పరుచుకుంటుంది, తీగల బుట్టలా ఉండే విస్క్ దాని మీదుగా తిరిగిపోతుంది. అరకేజీ కేకులే చేసేవాళ్లకు పెద్ద మిక్సర్ కొన్నాక కూడా చిన్నదే తీయాల్సి వస్తుంది. కిచెన్‌ఎయిడ్ ఆర్టిసన్ లాంటి 4.8 లీటర్ల వాటిలో మెడ దగ్గర స్క్రూ తిప్పి బీటర్‌ని కిందికి దించుకోవచ్చు. అడుగుకి తగిలీ తగలనట్టు ఉండాలి. చవక మోడళ్లలో ఈ సర్దుబాటు ఉందో లేదో అడిగి కొనండి. విస్క్‌ని క్రీమ్‌కీ తెల్లసొనకీ ఉంచి, బటర్‌క్రీమ్‌కి చదునైన బీటర్ వాడాలి. గట్టి బటర్‌లో విస్క్ తీగలు వంగిపోతాయి. వెయ్యి వాట్లు, పన్నెండువందల వాట్లు అని రాసి ఉండే ప్లాస్టిక్ మిక్సర్లు క్రీమ్ బాగానే కొడతాయి, అయితే స్పీడు పెంచితే గట్టు మీద నడక సాగిస్తాయి. బరువే ఆ యంత్రానికి స్థిరత్వం. మంచి స్టాండ్ మిక్సర్ పది కిలోలుంటుంది, కాబట్టి అలమరలోంచి తీసి పెట్టే ఆలోచన వద్దు, గట్టు మీద శాశ్వతంగా చోటుంటేనే కొనండి.

అమెరికా నుంచి పిల్లలు వచ్చేటప్పుడు సూట్‌కేసులో తెచ్చే స్టాండ్ మిక్సర్ల గురించి ఒక మాట. అవి 120 వోల్టులవి. పిన్ మార్చే అడాప్టర్ పెట్టి మన 230 వోల్టుల ప్లగ్గులో గుచ్చితే మోటారు అక్కడికక్కడే కాలిపోతుంది. కావాల్సింది వోల్టేజీ తగ్గించే ట్రాన్స్‌ఫార్మర్. 325 వాట్ల మిక్సర్‌కి దానికి రెండింతలు తట్టుకునేది తీసుకోండి, ఎందుకంటే మొదలయ్యే క్షణంలో మోటారు ఎక్కువ లాగుతుంది. పాడైతే ఇక్కడ విడిభాగాలకు తిరగాలి. ఆ లెక్కంతా వేసుకుంటే ఇక్కడి మోడల్ కొనడమే నయం.

చివరిగా, మోటారు గాలి పీల్చుకునే చీలికల్లోకి పంచదార పొడి పోకుండా చూసుకోండి. లోపలికెళ్లిన పొడి పేరుకుని అతుక్కుంటుంది, మోటారు బరువెక్కి వాసన వేస్తుంది. పంచదార కలిపే ఆ ఒక్క నిమిషం గిన్నె మీద తడిగుడ్డ కప్పి, బీటర్ల కోసం మధ్యలో సందు వదలండి. గుడ్డ చీలికల మీద పడకూడదు, బీటర్లకు చుట్టుకోకూడదు. పని కాగానే బీటర్లు ఊడదీసి వేడినీళ్లలో వేసి, మోటారు భాగాన్ని పిండిన బట్టతో తుడవండి.