బెజ్జం చూసి దండ కొనాలి: విజయనగరం, శ్రీకాకుళంలో మూడు రోజులు

మా అత్తయ్య నల్లపూసలు తెగిపోయి ఏడాది దాటింది. ఆవిడ పెళ్లినాటి దండ అది. సన్నటి నల్లపూసల మధ్య బంగారు గుండ్లు, తొమ్మిది పగడాలు, రెండు ముత్యాలు. తెగిన రోజు ఇల్లంతా వెతికి దొరికినవన్నీ ఒక స్టీలు డబ్బాలో వేసి బీరువాలో పెట్టారు. నేను కాకినాడలో ఇంట్లోనే బీడ్స్ దండలు కూర్చి అమ్ముతాను. ఆరేళ్లుగా ఇదే నా పని. కానీ నాది గేర్ వైరు పని. వైరు మీద పూసలు ఎక్కించి, కొసల్లో లాకులు నొక్కి, హుక్కు వేయడం. పట్టుదారంతో ముడి ముడికీ బిగించుకుంటూ వెళ్లే పాత పని నాకు రాదు. రాని పని అత్తయ్య దండ మీద నేర్చుకోవడం ఇష్టం లేక డబ్బా ముట్టుకోలేదు.

అత్తయ్య పుట్టిల్లు విజయనగరం. "మా ఊళ్లో కూర్చేవాళ్లు ఇంకా ఉన్నారే, నువ్వూ చూసినట్టుంటుంది" అన్నారు. గార్నెట్ అనే ముదురు ఎర్ర రాయి పుట్టే నేల కూడా అదేనని నాకు తెలుసు కాబట్టి మూడు రోజులు పెట్టుకుని ఇద్దరం బయల్దేరాం.

విజయనగరంలో ఆర్టీసీ కాంప్లెక్స్‌కి దగ్గర్లో ఒక లాడ్జిలో దిగాం. గది చిన్నది, రాత్రంతా బస్సుల హారన్లు, వేణ్ణీళ్లు పొద్దున ఏడు దాటితే రావు. అయినా ఆ గది నాకు నచ్చింది. కిటికీ ఉత్తరం వైపు ఉంది, పగలంతా ఎండ పడని తెల్లటి వెలుతురు. రాళ్లు చూసుకోవడానికి అంతకంటే మంచి వెలుగు ఉండదు. పూసలు కొనడానికి వెళ్లేవాళ్లు ఏసీ కంటే ముందు కిటికీ సంగతి అడగండి.

గంటస్తంభం చుట్టుపక్కల బజారులో మధ్యాహ్నమంతా తిరిగాం. బంగారం కొట్లు, ఫ్యాన్సీ షాపులు, వాటి మధ్య బీడ్స్ అమ్మే చిన్న కొట్లు. ఇప్పుడు నడుస్తున్న మోనాలిసా బీడ్స్, హైడ్రో బీడ్స్, అగేట్, జేడ్ అన్నీ లైన్ల లెక్కన వేలాడదీసి ఉన్నాయి. హైడ్రో అంటే గాజే. మోనాలిసా పేరుతో వచ్చే ఆకుపచ్చ పూసలు గనిలో తవ్విన పచ్చలు కావు. ఆ పేరుతోనే, ఆ ధరకే అమ్మితే అందులో మోసం లేదు, కట్టుకుంటే అందంగానే ఉంటాయి.

నాకు దెబ్బ తగిలింది వేరే కొట్లో. "ఒరిజినల్ కెంపులు, లైను పద్దెనిమిది వందలు" అన్నాడు కొట్టతను. పసుపు లైట్ల కింద పూసలు నిప్పుకణికల్లా ఉన్నాయి. పసుపు వెలుగులో ఏ ఎర్రరాయైనా వెలుగుతుందని నాకు తెలుసు. తెలిసి కూడా బయటికి తీసుకెళ్లి చూడకుండా కొన్నాను. మర్నాడు పొద్దున్నే కిటికీ దగ్గర పదిరెట్ల భూతద్దం పెట్టి చూస్తే రంగంతా పగుళ్లలోనూ, బెజ్జం అంచుల్లోనూ పేరుకుని ఉంది. పూస మధ్యలో మాత్రం వెలిసిపోయినట్టు లేత గులాబీ. దూదికి నెయిల్ పాలిష్ రిమూవర్ అద్ది రుద్దితే దూది ఎర్రబడింది. పగుళ్లు పడ్డ స్ఫటికానికి రంగు పట్టించిన సరుకు. వాపసు తీసుకెళ్తే మార్చనన్నారు. మాట్లాడుతున్నంతసేపూ అత్తయ్య నా చెయ్యి పట్టుకునే ఉన్నారు. డబ్బు పోయినందుకంటే, నా చేతి మీదుగా ఇంకొకరి మెడలోకి వెళ్లేది కదా అని మనసు చివుక్కుమంది.

అందుకే పూస కొనేటప్పుడు నేను మెరుపు కంటే ముందు బెజ్జం చూస్తాను, అందరికీ అదే చెబుతాను. రంగు వేసిన రాయి బెజ్జం దగ్గర దొరికిపోతుంది. గాజు పూసకి బెజ్జం పక్కనే గాలిబుడగలు కనబడతాయి. పని ఎలా చేశారో కూడా అక్కడే తెలుస్తుంది. రెండు వైపుల నుంచీ తొలిచి మధ్యలో సరిగా కలపకపోతే దారం అక్కడ మెలిక పడుతుంది, నాలుగు నెలల్లో తెగుతుంది. బెజ్జం అంచు పెంకులా రేగి ఉంటే పట్టుదారాన్ని కత్తిలా కోసేస్తుంది.

కెంపులు కొన్న మొదటి రోజు సాయంత్రమే కూర్పు పని చేసే ఆవిడ ఇంటికి వెళ్లాం. అరవై దాటిన మనిషి. వీధి అరుగు మీదే పని. అత్తయ్యని చూడగానే "ఏటమ్మా, ఇన్నేళ్లకి గుర్తొచ్చామా" అని చాప పరిచింది. నేను పిన్నీ అని పిలిచాను. డబ్బా తీసుకుని తడిగుడ్డ పరిచిన పళ్లెంలో పూసలు ఒంపింది. గుడ్డ తడిగా ఉంటే పూస దొర్లదు, సూది మొనకి సులువుగా అందుతుంది. నేను ఆరేళ్లుగా పొడి టవల్ మీద పని చేస్తున్నాను, ఆ సంగతి నాకు తట్టనే లేదు.

దారం ఒక కొసని ఉంగరంలా చేసి కాలి బొటనవేలికి తగిలించింది. రెండో కొస ఎడమచేతిలో. కాలు చాపితే దారం బిగుస్తుంది, మడిస్తే వదులవుతుంది. కుడిచేతిలో సన్నటి సూది. సూది మొనతో నల్లపూసల్ని ఒక్కొక్కటే ఏరుతూ ఏడెనిమిది అయ్యాక ఒక్క తోపుతో దారం మీదికి దింపేది. పగడం దగ్గరికి వచ్చేసరికి ఆగింది. ఒక పగడాన్ని నా కంటికి దగ్గరగా పెట్టి "చూడమ్మా, బెజ్జం ఎలగ అరిగిపోయిందో" అంది. నిజమే, గుండ్రంగా ఉండాల్సిన బెజ్జం ఒక పక్కకి గాడిలా సాగిపోయింది. పగడం మెత్తన. కాఠిన్యం కొలతలో మూడు, నాలుగు మధ్య ఉంటుంది. గాజు అయిదున్నర దాకా ఉంటుంది. పక్కనున్న గాజు పూస రోజూ రాసుకుంటుంటే పగడమే అరుగుతుంది. ఆవిడకి ఈ అంకెలతో పని లేదు. పగడానికి అటూ ఇటూ ఒక్కో ముడి వేసి, పూస పూసకీ తగలకుండా చేసింది. ముత్యాలకీ అంతే. అవి కూడా మెత్తనివే, పైగా చెమటకీ సెంటుకీ పొర చెడుతుంది. ముడి ఉంటే ఎప్పుడైనా తెగినా ఒక్క ముత్యమే జారుతుంది, దండంతా చెదిరిపోదు.

తక్కువైన నల్లపూసల కోసం ఆవిడ తన దగ్గరున్న పాత లైన్లు నాలుగు తీసి సైజు సరిపోల్చింది. ఇలాంటి సన్న గాజు పూస ఎలా పుడుతుందో తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే. తిరుపతి జిల్లా ఏర్పేడు మండలంలో పాపానాయుడుపేట అనే ఊరుంది, తరతరాలుగా గాజు పూసలకి పేరు. కరిగిన గాజు ముద్దని బోలు ఇనుప గొట్టానికి పట్టించి, కొలిమిలోంచి పొడవాటి గొట్టంలా లాగుతారు. బెజ్జం ఆ లాగడంలోనే ఏర్పడుతుంది. చల్లారాక ముక్కలుగా కోసి, బెజ్జాలు పూడిపోకుండా బూడిద దట్టించి మళ్లీ వేడి చేస్తే కోసిన అంచులు గుండ్రబడతాయి. రాయికి బెజ్జం తొలవాలి, ఈ గాజు పూస మాత్రం బెజ్జంతోనే పుడుతుంది.

రెండు గంటల పని. కూలి రెండు వందల యాభై అడిగింది. అయిదు వందలు ఇచ్చి, మిగతాది నేర్పినందుకు అని చెప్పాను. ఈ మూడు రోజుల్లో దేనికి ఎక్కువ విలువ వచ్చిందంటే ఆలోచించకుండా ఆ అరుగు పేరే చెబుతాను.

రెండో రోజు రైల్లో శ్రీకాకుళం వెళ్లాం. రోడ్డు మీద ఏసీ బస్సు సుఖమే కానీ, నాకు గరివిడి చూడాలని ఉంది. నెల్లిమర్ల దాటాక వస్తుంది. ఆ పక్కనే కోడూరు. మన దేశంలో మాంగనీసు తవ్వకం 1892లో మొదలైంది ఈ ప్రాంతంలోనే. ఇక్కడి గనుల్లో దొరికిన గార్నెట్ ఉన్న ఒక రాతికి ఫెర్మార్ అనే భూగర్భ శాస్త్రవేత్త ఈ ఊరి పేరే పెట్టి కోడ్యూరైట్ అన్నాడు. ప్రపంచంలో రాళ్ల గురించి చదువుకునేవాళ్లకి మన ఊరి పేరు తెలుసు, ఆ ఊరి మీదుగా రోజూ వెళ్లే మనకి తెలియదు. కిటికీలోంచి నేను చూసింది స్టేషన్ బోర్డూ, ఎర్రమట్టీ, తాటిచెట్లూ మాత్రమే. అయినా లేచి తలుపు దగ్గర నిలబడి చూశాను.

శ్రీకాకుళం రోడ్ స్టేషన్ ఉండేది ఆమదాలవలసలో, ఊరికి పది కిలోమీటర్ల పైనే. కొత్తవాళ్లు ఇది గుర్తుపెట్టుకోవాలి. బయట ఆటోలు ఒక్కొక్కరు ఒక్కో రేటు చెప్పారు. షేర్ ఆటో కోసం పది నిమిషాలు ఆగితే చాలా తగ్గింది. ఏడురోడ్ల జంక్షన్ వైపు దిగిన హోటలు శుభ్రంగా ఉంది, లిఫ్ట్ ఉంది, వేణ్ణీళ్లు ఎప్పుడు తిప్పినా వచ్చాయి. గదిలో మాత్రం అన్నీ పసుపు బల్బులే, కిటికీ తెరిస్తే పక్క గోడ. రాళ్లు చూసుకోవాలంటే డాబా మీదికి వెళ్లాల్సి వచ్చింది. పెద్దవాళ్లతో వెళ్తే ఈ హోటలే మేలు. భోజనం రెండు ఊళ్లలోనూ బాగుంది. పనసపొట్టు ఆవకూర ఒక్కటి శ్రీకాకుళంలో ఎక్కువ నచ్చింది.

సాయంత్రం అరసవల్లి. మామూలు రోజు కావడంతో దర్శనం అరగంటలో అయింది, ఆదివారం అయితే ఇలా కుదరదు. సూర్యుడి రత్నం మాణిక్యం కాబట్టి గుడి దారిలో కెంపు ఉంగరాలు, నవరత్నాల దండలు రాసులుగా పెడతారు. రెండు మూడు వందలకి దొరికే కెంపు గనిలోది కాదని వేరే చెప్పక్కర్లేదు. ఒక కొట్టావిడని అడిగితే నేరుగా చెప్పింది: "ఇవి భక్తికి కొనుక్కునేవమ్మా, రాయి కావాలంటే బంగారం కొట్లో బిల్లుతో కొనుక్కో." నిన్నటి పద్దెనిమిది వందల తర్వాత ఆ మాట వింటే ప్రాణం కుదుటపడింది. అత్తయ్య ఆవిడ దగ్గరే ఒక నవరత్నాల దండ కొన్నారు.

జి.టి. రోడ్డులో ఒక చిన్న కొట్లో నాకు కావలసిన గార్నెట్ లైన్లు దొరికాయి. కొట్టతను అడక్కుండానే లైను నా చేతికిచ్చి వీధిలోకి తీసుకెళ్లి చూసుకోమన్నాడు. బెజ్జాలు నేరుగా ఉన్నాయి, అంచులు నున్నగా ఉన్నాయి. భూతద్దంలో లోపల సూదుల్లాంటి గీతలు, సహజమైన రాయికి ఉండే మచ్చలు. ఎక్కడివని అడిగితే "జైపూర్ నుంచండి, అంతా అక్కడే కోస్తారు" అన్నాడు. మూడు లైన్లు తీసుకున్నాను. ఈ నేల నిండా గార్నెట్టే, ఇక్కడి మనిషికి పూస మాత్రం రాజస్థాన్ నుంచి రావాలి. ఆ రాత్రి చాలాసేపు నాకు అదే ఆలోచన.

మూడో రోజు కారు మాట్లాడుకుని శాలిహుండం, కళింగపట్నం. డ్రైవరు కుర్రాడు నెమ్మదిగా నడిపాడు, ఆగమన్నచోటల్లా ఆగాడు, ముందు చెప్పిన రేటుకి ఒక్క రూపాయి ఎక్కువ అడగలేదు. శాలిహుండం కొండ మీద మెట్లు ఎక్కాలి, నీళ్లు వెంట పెట్టుకోవాలి. అత్తయ్య సగంలో చెట్టు కింద కూర్చున్నారు. ఇక్కడి బౌద్ధ స్థలాన్ని 1919లో వెలుగులోకి తెచ్చింది గిడుగు రామమూర్తిగారు. సవర గిరిజనుల భాషకి నిఘంటువు రాసిన ఆయనే. పైన ఇటుకల స్తూపాల మధ్య నిలబడితే కింద వంశధార, దూరంగా ఆ నది సముద్రంలో కలిసే చోటు.

కళింగపట్నం ఒడ్డున నేను వచ్చిన పని అయింది. అలలు వెనక్కి వెళ్లిన చోట ఇసుక మీద ముదురు ఊదా చారలు. ముందు నూనె మరకలనుకున్నాను. గుప్పెట్లోకి తీసుకుని అరచేతిలో పరిచి భూతద్దం పెడితే ఎర్రటి గాజు ముక్కల్లాంటి రేణువులు, వాటి మధ్య ఇల్మెనైట్ అనే నల్లటి ఖనిజం. తూర్పు కనుమల్లో కొండలైట్ అనే రాయి ఎండకీ వానకీ చివికిపోతుంది. అందులో మెత్తటి భాగం మట్టవుతుంది, గార్నెట్ మాత్రం చెక్కుచెదరదు. వానా, ఏరూ కలిసి దాన్ని సముద్రానికి తెస్తాయి. మామూలు ఇసుక కంటే గార్నెట్ ఒకటిన్నర రెట్లు బరువు, అందుకే అల తేలికపాటి ఇసుకని వెనక్కి లాక్కుని దీన్ని ఒడ్డున వదిలేస్తుంది. బెజ్జం వేయడానికి పనికిరానంత చిన్న రేణువులు. సానపట్టడానికీ, నీటి ధారతో ఇనుము కోసే యంత్రాలకీ ఇలాంటి గార్నెట్ ఇసుకే వాడతారు. తూర్పు కనుమలు వైడూర్యానికీ నెలవే, కానీ అది ఒడ్డున ఇలా కంటపడే రాయి కాదు.

సంచిలోంచి జైపూర్ లైను తీసి ఆ చార మీద పెట్టాను. ఒకే రంగు. అత్తయ్య వంగి చూసి, "ఇది ఇక్కడిదేనే" అన్నారు. ఆవిడ మెడలో నల్లపూసలు ముందుకి వేలాడాయి, పగడాల పక్కన పట్టుముడులు కొత్తగా, తెల్లగా కనబడ్డాయి. ఇసుక ఇసుకలోనే వదిలేసి చేతులు కడుక్కున్నాను.

సీతంపేట సంతకి వెళ్లి సవర ఆడవాళ్లు పూసలు ఎలా ఎంచుకుంటారో చూడాలనుకున్నాం, కుదరలేదు. తిరుగు ప్రయాణంలో విజయనగరంలో రెండు గంటలు దిగి మళ్లీ ఆ అరుగు దగ్గరికి వెళ్లాను. పిన్ని నా గార్నెట్ పూసల్లో పది ఏరి ఇచ్చి, దారం కొస నా కాలి వేలికి తనే తగిలించింది. మూడు ముడులు వదులుగా పడ్డాయి. నాలుగోది పడ్డాక లాగి చూసి, "ఇదీ" అంది.