ఫోన్ల లైనా, రొయ్యల షెడ్డా?

శ్రీసిటీ పారిశ్రామికవాడలో ఫోన్లు బిగించే లైన్ మీద పని పొడిగా, చల్లగా ఉంటుంది. ఒంటికి కోటు, మణికట్టుకి ఎర్తింగ్ పట్టీ (ఒంట్లోని స్టాటిక్ కరెంటు ఫోన్ భాగాల్ని పాడుచేయకుండా). రోజంతా అదే స్క్రూ, అదే చోటు. విసుగే, కానీ నెల తిరిగేసరికి జీతం వస్తుంది. ఏళ్ల తరబడి చేయాలంటే ఇదే నయం.

భీమవరం వైపు రొయ్యల ప్లాంట్లలో ఒలుపుకు చాలాచోట్ల కిలోల లెక్కన డబ్బులిస్తారు. తల తుంచాలి, పొట్టు లాగాలి, వీపు చీల్చి నల్లటి నరం తీయాలి. ఐసు నీళ్లకి వేళ్లు మొద్దుబారిపోతాయి, గ్లవ్స్ లోపల చర్మం నాని ముడతలు పడుతుంది. సరుకు రాకపోతే ఆ రోజు కూలీ లేనట్టే. చేయి తిరిగిన అక్కలైతే చూడకుండానే టకటకా ఒలిచేస్తారు. అంత పనితనానికి నెల జీతం లేకపోవడం అన్యాయం.