ఏడేళ్లు వాడాక మా లామినేట్ వంటగట్టు

2018 అక్టోబరులో ఒక శుక్రవారం సాయంత్రం పాత గట్టు పీకేశాం. ఆదివారం రాత్రికి కొత్తది బిగించేశాం. సోమవారం పొద్దున దాని మీదే ఇడ్లీలు వేశాను. ఒహాయోలో కొలంబస్ దగ్గర మా ఇల్లు. రోజూ రెండు పూటలా వంట, వారానికోసారి పిండి రుబ్బడం, వేసవిలో అమ్మ వస్తే అప్పడాలు, ఊరగాయలు. ఈ వాడకాన్ని లామినేట్ తట్టుకుంటుందా అని అప్పుడు నన్ను అడిగినవాళ్లందరికీ ఇప్పుడు ధైర్యంగా జవాబు చెప్పగలను. తట్టుకుంటుంది. కాకపోతే పైభాగం కన్నా అంచుల సంగతి ఎక్కువ చూసుకోవాలి.

గ్రానైట్‌కి అప్పట్లో మాకు చెప్పిన ధర మూడు వేల డాలర్ల పైమాటే. మేం అంచు వంపు, వెనకాల గోడవైపు నాలుగంగుళాల పట్టీ కలిసి తయారుగా దొరికే ముక్కలు కొన్నాం. ఎల్ ఆకారానికి మూలలో 45 డిగ్రీలకు కోసి ఇచ్చే ఎనిమిదడుగులది ఒకటి, ఆరడుగులది ఒకటి. సింకు, జిగురు, బోల్టులు, సందులు పూడ్చే సిలికాన్ అన్నీ కలిపి ఆరు వందల లోపే అయింది. బయటి మనిషికి ఒక్క డాలరు కూడా ఇవ్వలేదు.

లామినేట్ అంటే మనవాళ్లు సన్‌మైకా అనే పలకే. రెజిన్ అనే బంకలో ముంచిన కాగితాలు పొరలు పొరలుగా పేర్చి, వేడితో, ఒత్తిడితో నొక్కితే వచ్చేది. మందం మిల్లీమీటరు అటూ ఇటూ. దాని కింద ఉండేది చెక్కపొట్టు అతికించి నొక్కిన ముప్పావు అంగుళం పార్టికల్ బోర్డు. మాది గూడూరు, కాకిబంగారం అంటే మైకా గనుల ఊరు. అందుకే ఒక విషయం నాకు భలే నచ్చింది. 1912లో పిట్స్‌బర్గ్‌లో డేనియల్ ఓకానర్, హెర్బర్ట్ ఫేబర్ అనే ఇద్దరు ఈ పలకను మొదట చేసింది వంటింటి కోసం కాదు, కరెంటు పరికరాల్లో కాకిబంగారానికి బదులుగా వాడడానికి. మైకాకి బదులు, ఇంగ్లీషులో "ఫర్ మైకా", కాబట్టే ఫార్మైకా అన్నారు. మరుసటి ఏడాది వాళ్లు కంపెనీ పెట్టింది మాకు రెండు గంటల దూరంలో ఉన్న సిన్సినాటిలో.

బిగింపులో మొదటి కష్టం గోడ. రసమట్టం పెట్టి క్యాబినెట్లు సరిచేశాం, కానీ ముక్కను గోడకు ఆనిస్తే ఒక కొసలో ఆనింది, ఇంకో కొసలో వేలు దూరేంత సందు. గోడ తిన్నగా లేదు. గోడ వెంబడి పెన్సిల్‌తో గీత దింపుకుని, వెనక పట్టీని బెల్ట్ సాండర్‌తో ఆ గీత దాకా అరగదీశాం. దానికే శనివారం పూర్తిగా పోయింది. ఈ పని తప్పించుకుని సందులో సిలికాన్ కూరితే రెండేళ్లలో అది నల్లబడి ఊడివస్తుంది. స్నేహితుల ఇంట్లో చూశాను.

రెండోది మూల అతుకు. నా దృష్టిలో మొత్తం పనిలో అసలైన ఘట్టం ఇదే. కోసిన రెండు ముఖాలకూ నీటికి తట్టుకునే జిగురు దట్టంగా రాసి, ముక్కల్ని దగ్గరకు తెచ్చి, అడుగున ఉన్న గాడుల్లో బోల్టులు పెట్టి బిగించాలి. మావారు మూల క్యాబినెట్లో వెల్లకిలా పడుకున్నారు, స్పానర్ తిప్పడానికి చేతికి కాస్తే చోటుంది. నేను పైన నిలబడి కళ్లు మూసుకుని అతుకు మీద వేలు పోనిస్తున్నాను. కంటికి కనపడని మెట్టు వేలికి తెలుస్తుంది. "మీ వైపుది కొంచెం కిందికుందండీ" అంటే ఆయన కింద చిన్న చెక్కముక్క దోపి లేపేవారు, మళ్లీ ఒక్క చుట్టు బిగించేవారు. ముందంచు, మధ్య, వెనక, మళ్లీ ముందంచు. అలా ముప్పావు గంట పట్టింది. పైకి ఉబికిన జిగురును ఆరకముందే తడిబట్టతో తుడిచేశాను. ఆ అతుకు మీద ఏడేళ్లుగా చపాతీలు ఒత్తుతున్నాను. ఇప్పటికీ వేలికి గీత తగులుతుందే గానీ మెట్టు లేదు.

సింకు కోత జిగ్‌సా అనే సన్న బ్లేడు కరెంటు రంపంతో. గీత వెంబడి మాస్కింగ్ టేపు వేసి, మూలల్లో రంధ్రాలు పెట్టి, కిందికి కోసే పళ్లున్న బ్లేడు వాడితే పైపొర పెచ్చులూడదు. అడుగు నుంచి స్క్రూలు బిగించేటప్పుడు పొడవు రెండుసార్లు కొలవండి. ఒక్క స్క్రూ పొడవెక్కువైతే పైకి పొడుచుకొస్తుంది, ఆ మచ్చకు మందు లేదు.

ఇక వాడకం. అందరూ భయపెట్టిన పసుపు నిజానికి పెద్ద బాధ కాదు. పడిన మరక అలాగే రాత్రంతా ఉంటే పచ్చగా పట్టేస్తుంది. తినే సోడా తడిపి పదినిమిషాలు ఉంచి మెత్తటి బట్టతో తుడిస్తే ముప్పాతిక పోతుంది. మిగిలిన ఛాయను వెలుతురే లాగేస్తుంది, పసుపు రంగుకి ఎండ పడదు. మా కిటికీ కింద పడినవి నాలుగైదు రోజుల్లో మాయమవుతాయి. ఆవకాయ నూనె అసలు అంటదు. పీచుతో మాత్రం రుద్దకూడదు, మెరుపు పోతుంది. పిండి రుబ్బే గ్రైండర్ బరువుకీ అదురుకీ ఏమీ కాలేదు. కొబ్బరికాయ మాత్రం ఎప్పుడూ బయటి మెట్టు మీదే కొడతాను.

వేడి విషయంలో జాగ్రత్త తప్పదు. లామినేట్ ఓర్చుకునేది సుమారు 135 డిగ్రీల సెల్సియస్. పోపు నూనె అది దాటి చాలా పైకి పోతుంది. అమ్మ వచ్చిన మొదటి వారమే అలవాటుగా మూకుడు దించి గట్టు మీద పెట్టేసింది. నేను పరుగున వచ్చి తీసేలోగా పాలిపోయిన గుండ్రటి మచ్చ పడింది.

"ఇది రాయి కాదా అమ్మాయ్?"

"కాదమ్మా, చెక్క మీద అతికించిన కాగితం."

"కాగితం మీద వంటేమిటే!" అని పాపం చాలా నొచ్చుకుంది. ఆ మచ్చ ఇప్పటికీ ఉంది. అప్పటి నుంచి స్టవ్ పక్కన రెండు మందపాటి చెక్క పీటలు శాశ్వతంగా ఉన్నాయి, కుక్కరైనా పెనమైనా వాటి మీదకే దిగాలి. మన వంటలో వేడి గిన్నె దించని పూట ఉండదు కాబట్టి, ఇంట్లో పెద్దవాళ్లుంటే ఇది ముందే ఆలోచించుకోండి.

అసలు దెబ్బ నీటిది. సింకు కోసిన అంచుకు వార్నిష్ మూడు పూతలు వేశాను. ఏడేళ్ల తర్వాత మొన్న కింద నుంచి టార్చి వేసి చూస్తే బోర్డు కోసిన రోజున ఉన్నట్టే ఉంది. డిష్‌వాషర్ పైనున్న భాగానికి ఆ పని చేయలేదు. అక్కడ నీళ్లు పడవు కదా అనుకున్నాను. నీళ్లు పడలేదు, ఆవిరి పట్టింది. వాషింగ్ అయిపోగానే తలుపు తీస్తే వచ్చే ఆవిరంతా ముందంచు అడుగున తగులుతుంది, అక్కడ బోర్డు పచ్చిగా బయటికే ఉంటుంది. మూడో చలికాలంలో ఒకరోజు గుడ్డతో తుడుస్తుంటే అంచు కింద గరుకుగా తగిలింది. వంగి చూస్తే జానెడు పొడవున బోర్డు ఉబ్బి, లామినేట్ అంచు విడిపోయి ఉంది. ఆ రాత్రి నాకు సరిగ్గా నిద్ర పట్టలేదు.

వారం రోజులు డిష్‌వాషర్ ఆపి, కింద ఫ్యాన్ పెట్టి ఆరబెట్టాం. జిగురు ఎక్కించి క్లాంపులు బిగించి, ఆరాక వార్నిష్ పూసి, అడుగంతా అల్యూమినియం టేపు అంటించాం. ఉబ్బిన పొట్టు మళ్లీ పూర్తిగా అణగదు, ఇప్పటికీ అక్కడ చిన్న బొడిపె తెలుస్తుంది. కానీ ఆ తర్వాత ఇన్నేళ్లలో అది రవ్వంత కూడా పెరగలేదు. టేపు చుట్ట ఖరీదు పది డాలర్లు, మొదటిరోజే వేసుంటే పావుగంట పని.

ఇప్పుడు గ్యారేజీలో వేపుళ్ల స్టవ్ కోసం చిన్న గట్టు పెడుతున్నాం. మళ్లీ లామినేటే తెచ్చాం, ఆరడుగుల ముక్క. నిన్న రాత్రి దాన్ని బోర్లించి అడుగున అంచులకు రెండో పూత వేశాను. మూడోది ఈ సాయంత్రం.